ఇదీ నా పని!

ప్లీడరు పంతులయ్యారు. డాక్టరు బ్యాంకు పెట్టారు. సబ్‌రిజిస్ట్రారు మూడు వారాలకే సంతకాలు మానేసి మేకప్ వేసుకున్నారు. బందరు, గుడివాడ, దివిసీమల్లో మనుషులకు తమ పని ఎలా దొరికింది?

బందరు పక్కన పెడనలో అద్దకం షెడ్డు. పొడుగాటి బల్ల మీద గోనె పట్టాలు, వాటి మీద పాత గుడ్డలు పొరలు పొరలుగా పరిచి మెత్త చేసి ఉంటాయి. ఆ పైన కరక్కాయ నీళ్లలో తడిసి ఆరిన లేత పసుపు బట్ట. పనివాడు టేకు అచ్చును రంగు పెట్టెలోని తడి మెత్త మీద అదిమి, బట్ట మీద ఆనించి, పిడికిలితో ఒక్క దెబ్బ వేస్తాడు. తుప్పు ఇనుమూ బెల్లమూ కలిపి రోజుల తరబడి ఊరబెట్టిన నీళ్లయితే అచ్చు తియ్యగానే నల్లటి గీత కళ్లబడుతుంది. పటిక అయితే బట్ట మీద దాదాపు ఏమీ కనిపించదు. అయినా పక్క అచ్చును వెంట్రుకవాసి తేడా రాకుండా దానికి కలపాల్సిందే. అక్కడ ఎరుపు ఉందని అతనికి తెలుసు. అది బయటపడడానికి ఇంకొన్ని రోజులు పడుతుంది. కాలవ నీళ్లలో జాడించి, ఎండలో ఆరేసి, రాగి కాగులో రంగు నీళ్లతో ఉడికించినప్పుడు పటిక తగిలిన మేర ఎరుపు పట్టుకుంటుంది. చెయ్యి ఎక్కడ తడబడిందో కూడా అప్పుడే తెలుస్తుంది.

కనిపించని పూవును అంత శ్రద్ధగా అద్దే ఆ ఓపిక ఎక్కడిది? కూలి కోసమేనా, అలవాటా, ఇంకేమైనా ఉందా?

ఇంగ్లీషులో దీనికి ‘కాలింగ్’ అని ఒక మాట ఉంది. పని మనిషిని పేరు పెట్టి పిలిచిందన్నమాట. పాశ్చాత్యులకు అది మతంలోంచి వచ్చింది. మొదట్లో దేవుడి పిలుపు అందుకున్నవాళ్లంటే సన్యాసులే. పదహారో శతాబ్దంలో మార్టిన్ లూథర్ ఆ మాటను చెప్పులు కుట్టేవాడి పనికీ, పాలు పితికేవాళ్ల పనికీ విస్తరించాడు. తెలుగులో అచ్చంగా దానికి సరిపోయే మాట లేదు. మనకున్నవి వేరే మాటలు. పని పట్టుబడింది అంటాం. విద్య అబ్బింది అంటాం. వంటబట్టింది, చెయ్యి తిరిగింది అంటాం. ఈ మాటలన్నిటిలో ముందు పని ఉంది, దాని మీద గడిచిన కాలం ఉంది. ఆ తర్వాతే మనిషికీ పనికీ లంకె పడుతుంది. కృష్ణా డెల్టా చివరి అంచున గత నూటపాతికేళ్లలో నడిచిన కొన్ని జీవితాలను తిరగేస్తే మన మాటల్లోనే లోకజ్ఞానం ఎక్కువ ఉందనిపిస్తుంది.

బందరులో ముగ్గురు స్నేహితులు

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బందరు వెలుగు తగ్గిన రేవు. ఇంగ్లీషువాళ్లు 1611లో వ్యాపారం మొదలుపెట్టిన ఊరది. 1864 నవంబరు తుపానుకు ముప్పై వేలమంది దాకా పోయారు. ఆ దెబ్బ నుంచి రేవు మళ్లీ కోలుకోలేదు. ఓడలు తగ్గినా చదువులు మిగిలాయి. రాబర్ట్ నోబుల్ 1843లో పెట్టిన బడి కాలేజీగా ఎదిగింది. దాంట్లో చదివిన కుర్రాళ్లకు దారి నున్నగానే ఉండేది: మద్రాసు వెళ్లి పట్టా పుచ్చుకోవడం, తిరిగొచ్చి కోర్టులోనో ఆస్పత్రిలోనో స్థిరపడడం.

కోపల్లె హనుమంతరావు ఎం.ఏ., బి.ఎల్. చదివి ఆ దారి దిగిపోయారు. బిపిన్ చంద్రపాల్ 1907లో ఆంధ్ర పర్యటనకు వచ్చి వెళ్లాక, సర్కారు సాయం అక్కర్లేని చదువు మనకు మనమే చెప్పుకోవాలన్న ఊపు బందరును పట్టుకుంది. 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల తెరుచుకుంది. అక్కడ పుస్తకంతోపాటు మగ్గం, వడ్రంగం, యంత్రాల పని కూడా పాఠాలే. ప్లీడరీ మానేసిన మనిషి చందాలకు ఊళ్లు తిరిగారు. 1922లో కన్నుమూసేదాకా ఆయనకు అదే లోకం.

రెండో స్నేహితుడు ముట్నూరి కృష్ణారావు. దివి తాలూకా ముట్నూరులో పుట్టారు. 1902లో మొదలైన కృష్ణాపత్రికకు 1907లో సంపాదకులయ్యారు. 1945లో పోయేవరకూ ఆ కుర్చీలోంచి లేవలేదు. ముప్పై ఎనిమిదేళ్లు ఒకే పత్రిక, ఒకే ఊరు. సాయంత్రమయ్యేసరికి ఆఫీసు ‘దర్బారు’గా మారేది. కవులు, గాయకులు, రాజకీయులు, ఏమీ కాని కుర్రాళ్లు అక్కడ చేరేవారు. బందరు కుర్రాడు కమలాకర కామేశ్వరరావు అదే పత్రికలో సినిమాల మీద నిక్కచ్చిగా సమీక్షలు రాశారు. తర్వాత మద్రాసు వెళ్లి సినిమాలు తీశారు. 1963లో వచ్చిన ‘నర్తనశాల’ ఆయనదే. ముట్నూరి కుర్చీ కదలకపోయినా, దాని చుట్టూ కూర్చున్నవాళ్లు చాలా దూరం వెళ్లారు.

మూడో ఆయన భోగరాజు పట్టాభి సీతారామయ్య. డాక్టరు చదివి బందరులో పదేళ్లపాటు వైద్యం చేశారు. రాబడి బాగుంది, పేరూ ఉంది. అయినా 1916 ప్రాంతంలో మందుల పెట్టె పక్కన పెట్టేశారు. రైతు వడ్డీలకు చితికిపోవడం ఏ మందుతోనూ తగ్గే జబ్బు కాదనుకున్నారో ఏమో, ఆయన పెట్టిన సంస్థల్లో ఎక్కువ భాగం డబ్బు చుట్టూ తిరిగేవే. సహకార బ్యాంకు తర్వాత 1923 నవంబరు 20న ఆంధ్రా బ్యాంకు రిజిస్టరైంది. ఎనిమిది రోజులకే తలుపులు తెరిచింది. బీమా కంపెనీ ఆ వెనకే వచ్చింది. బందరులో లక్ష రూపాయల మూలధనంతో మొదలైన ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసేవరకూ తెలుగువాళ్ల పాసు పుస్తకాల మీద పేరుగా ఉంది.

ముగ్గురిలో ఎవరూ తమ పని ఏమిటో మొదట్లోనే తేల్చుకుని బయలుదేరలేదు. చదివినది ఒకటి, కుదురుకున్నది మరొకటి. మధ్యలో ఊరికి ఒక అవసరం పడింది. దానికి ఎవరో ఒకరు కావాల్సొచ్చింది.

ఒక వెంకయ్య, మూడు బిరుదులు

కుదురు లేని మనిషి అని లోకం కొందరిని తేలిగ్గా తీసేస్తుంది. ఆ లెక్కన పింగళి వెంకయ్యను మించిన కుదురులేని మనిషి ఈ జిల్లాలో లేరు.

1876 ఆగస్టు 2న భట్లపెనుమర్రులో పుట్టారు. పంతొమ్మిదేళ్లకే సైన్యంలో చేరారు. బోయర్ యుద్ధానికి దక్షిణాఫ్రికా వెళ్లి అక్కడ గాంధీని కలిశారు. తిరిగొచ్చి రైల్వే గార్డుగా చేశారు, ప్లేగు అధికారిగా చేశారు. లాహోరు వెళ్లి జపనీసు, ఉర్దూ నేర్చుకున్నారు. జపనీసులో ఉపన్యాసం ఇచ్చినందుకు జపాన్ వెంకయ్య అన్నారు. మునగాల సంస్థానంలో కాంబోడియా పత్తి మీద పరిశోధన చేస్తే పత్తి వెంకయ్య అన్నారు. వజ్రాల గనుల మీద పడితే డైమండ్ వెంకయ్య. జాతీయ కళాశాలలో పాఠాలు చెప్పింది కూడా ఈ వెంకయ్యే.

ఇన్ని పనుల అడుగున ఒకటి మాత్రం వదలకుండా నడుస్తూనే ఉంది. దేశానికి జెండా ఎలా ఉండాలన్న ఆలోచన అది. 1916లో ముప్పై నమూనాలతో చిన్న పుస్తకం వేశారు. కాంగ్రెసు సభలకు వెళ్లి చెబుతూ వచ్చారు. ఏళ్లు గడిచినా ఎవరికీ అది తొందర పనిగా కనిపించలేదు. 1921లో బెజవాడ సమావేశంలో గాంధీ అడిగారు. ఎరుపు, ఆకుపచ్చల జెండా తయారైంది. జలంధరుకు చెందిన లాలా హంసరాజ్ సూచించిన రాట్నం మధ్యలో వచ్చింది. తెలుపు గాంధీ చేర్పించారు. బందరు జాతీయ కళాశాలలో పనిచేస్తున్న వెంకయ్య జెండాల మీద పుస్తకం వేశారన్న సంగతిని గాంధీ ఆ ఏడాదే ‘యంగ్ ఇండియా’లో రాశారు.

సైనికుడి కవాతూ, గార్డు చేతి జెండా ఊపూ, పత్తి నూలు మీద పట్టూ ఆ నమూనాల్లో ఎంతెంత కలిశాయో తూచి చెప్పలేం. ఒక్కటి మాత్రం కాగితం మీద ఉన్న సంగతి. అడిగే మనిషి ఎదురయ్యే నాటికి ఆయన అయిదేళ్ల ముందే పని పూర్తిచేసి పెట్టుకున్నారు.

ఆ తర్వాతి కథ తియ్యగా లేదు. వెంకయ్య 1963 జులై 4న పేదరికంలో కన్నుమూశారు. తపాలా బిళ్ల వచ్చింది 2009లో.

గుడివాడ చుట్టూ మూడు ఊళ్లు

గుడివాడ పక్కన చౌటపల్లిలో 1922 డిసెంబరు 4న ఘంటసాల వెంకటేశ్వరరావు పుట్టారు. తండ్రి సూరయ్య తరంగాలు పాడుతూ మృదంగం వాయించేవారు. కొడుకు సంగీతం నేర్వాలని కోరి, ఆ పిల్లవాడికి పదకొండేళ్లప్పుడే పోయారు. మేనమామ ఇంట పెరుగుతున్న కుర్రాడు ఉంగరం అమ్ముకుని విజయనగరం దారి పట్టారు. అక్కడ సాలూరు నుంచి వచ్చిన పట్రాయని సీతారామశాస్త్రి ఒక్క పైసా పుచ్చుకోకుండా పాఠం చెప్పారు. తిండికి మాత్రం దారి లేదు. భుజాన జోలె వేసుకుని ఇల్లిల్లూ తిరిగి మాధుకరం ఎత్తారు. పొద్దున సాధన, మధ్యాహ్నం జోలె, సాయంత్రం మళ్లీ సాధన.

క్విట్ ఇండియా ఉద్యమంలో దిగి అల్లీపురం జైల్లో ఉండి వచ్చారు. సముద్రాల రాఘవాచార్య మాట మీద మద్రాసు చేరారు. మొదటి రోజుల్లో పానగల్ పార్కే పడకగది. 1945లో ‘స్వర్గసీమ’లో భానుమతితో గొంతు కలిపాక అవకాశాలు ఒక్కొక్కటే వచ్చాయి. తర్వాత మూడు దశాబ్దాలు తెలుగు పాటంటే ఆ గొంతే.

ఈ కథను చాలామంది పట్టుదలకు ఉదాహరణగా చెబుతారు. కాస్త వెనక్కి జరిగి చూస్తే ఇంకొకటి కనిపిస్తుంది. జోలెలో అన్నం వేసిన విజయనగరం ఇల్లాళ్లు, జీతం అడగని గురువు, రమ్మని దారి చూపిన రచయిత, ఇంతమంది ఉన్నారు ఆ గొంతు వెనక. ఒక్క మనిషి పిలుపును మోయడానికి ఊళ్లకు ఊళ్లు భుజం పట్టాయి.

పామర్రు దారిలో నిమ్మకూరు. అక్కడి నందమూరి తారక రామారావు చదువుకునే రోజుల్లో బెజవాడలో సైకిలు మీద పాలు పోశారు. గుంటూరులో బి.ఏ. చదివి, సర్వీసు కమిషన్ పరీక్ష నెగ్గి, 1947లో ప్రత్తిపాడులో సబ్‌రిజిస్ట్రారయ్యారు. ఆ రోజుల్లో అది పెళ్లి సంబంధాలు వెతుక్కుంటూ వచ్చే ఉద్యోగం. మూడు వారాలు చేసి వదిలేశారు. 1949లో ‘మనదేశం’లో పోలీసు ఇన్‌స్పెక్టరుగా తొలిసారి తెర మీదికి వచ్చారు. ఆ సినిమాకు సంగీతం చౌటపల్లి ఘంటసాలదే.

గుడివాడ దగ్గరి రామాపురం అక్కినేని నాగేశ్వరరావుది. ఆయనకు వదులుకోవడానికి ఉద్యోగం లేదు, పెద్ద చదువూ లేదు. చిన్నప్పటి నుంచి నాటకాల్లో ఆడవేషాలు కట్టారు. బెజవాడ రైల్వే స్టేషన్లో నిర్మాత ఘంటసాల బలరామయ్య కంట పడ్డారు. బడి మెట్లు తక్కువ ఎక్కిన ఆయన పేరు మీద గుడివాడలో కాలేజీ ఉంది. ఆడిన ప్రతి ఆడవేషమూ ఆ ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ కుర్రాడిలో ఉండే ఉంటుంది. బలరామయ్యకు కనిపించింది అదే కావచ్చు.

ఉప్పెన వచ్చిన రాత్రి తర్వాత

1977 నవంబరు 19, శనివారం. దివిసీమ మీద సముద్రం లేచింది. పాలకాయతిప్ప, హంసలదీవి, సొర్లగొంది వంటి ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. ప్రభుత్వ లెక్కల్లోనే దాదాపు పదివేలమంది. తాటిచెట్లకు వేలాడిన శవాలు, చేలల్లో ఉబ్బిన పశువుల కళేబరాలు చూసినవాళ్లు ఇప్పటికీ ఆ మాట ఎత్తితే కాసేపు ఆగి మాట్లాడతారు.

ఆ బురదలోకి దిగినవాళ్లలో శవాలను తీసి దహనం చెయ్యడం వృత్తిగా ఉన్నవాళ్లు ఎవరూ లేరు. విద్యార్థులున్నారు, గుమాస్తాలున్నారు, డాక్టర్లున్నారు. రామకృష్ణ మిషన్ సన్యాసులు ఒక పక్క ఇళ్లు కట్టించారు. దేవుడే లేడనే విజయవాడ నాస్తిక కేంద్రం కార్యకర్తలు ఇంకో పక్క పనిచేశారు. మదర్ థెరెసా వచ్చారు. నిమ్మకూరు రామారావు, రామాపురం నాగేశ్వరరావు ఊరూరా జోలె పట్టి బాధితులకు విరాళాలు పోగుచేశారు.

అవనిగడ్డ శాసనసభ్యుడు మండలి వెంకట కృష్ణారావు అప్పటికి పెద్ద పేరున్న మనిషి. 1975లో హైదరాబాదులో తొలి ప్రపంచ తెలుగు మహాసభలు జరిపించిన విద్యామంత్రి ఆయన. ఉప్పెన తర్వాత ఆయన బతుకంతా దివిసీమను నిలబెట్టడం చుట్టూ తిరిగింది. ‘దివిసీమ గాంధీ’ అన్న పేరు ఆయనకు ఇక్కడి జనం పెట్టుకున్నది. అవనిగడ్డలో ఆయన నెలకొల్పిన గాంధీక్షేత్రం ఇప్పటికీ ఉంది.

తమది కాని పనిని ఇలా తమదనుకోవడం గురించి పరిశోధనలూ జరిగాయి. అమెరికాలో ఎమీ రెజ్నెస్కీ అనే పరిశోధకురాలు, తోటివారితో కలిసి, 1997లో ఒక అధ్యయనం అచ్చువేశారు. పనిని మనుషులు మూడు రకాలుగా చూస్తారని అందులో తేలింది. కొందరికి అది జీతం. కొందరికి పైకెక్కే మెట్లు. ఇంకొందరికి అదే ఒక పిలుపు. విచిత్రమేమిటంటే కాలేజీ ఆఫీసుల్లో అచ్చంగా ఒకే పని చేసే 24 మంది సహాయకుల్లో కూడా మూడు రకాలవాళ్లూ దాదాపు సమానంగా ఉన్నారు. తర్వాత జేన్ డటన్‌తో కలిసి ఆస్పత్రి ఊడ్చేవాళ్ల గురించి రాశారు. గదులు శుభ్రం చెయ్యడమే పనిగా ఉన్నవాళ్లలో కొందరు రోగుల బాగోగులు చూడడం కూడా తమ పనిలో భాగమే అనుకున్నారు, అలాగే నడుచుకున్నారు. ఉద్యోగ పత్రంలో ఆ మాట లేదు.

దివిసీమ బురదలో దిగినవాళ్లకు అసలు పత్రమే లేదు.

కడుపు లెక్క

ఇక్కడ ఒక సంగతి దాటవెయ్యకూడదు. పిలుపు అన్న మాట వినడానికి బాగుంటుంది కాబట్టి, దాన్ని అడ్డం పెట్టుకుని కూలి తగ్గించడం కూడా తేలికే. నీకు కళంటే ఇష్టం కదా అని కళాకారుడికి, నీది పవిత్రమైన వృత్తి కదా అని టీచరుకు తక్కువ ఇచ్చి సరిపెట్టేవాళ్లు ఎప్పుడూ ఉన్నారు. పింగళి వెంకయ్య చివరి రోజులు గుర్తుంటే ఈ మాట ఇంకాస్త గుచ్చుకుంటుంది.

పెడన అద్దకానికే తిరిగి వద్దాం. పర్షియా రాజుల దగ్గర్నుంచి యూరపు ఇళ్ల దాకా వెళ్లిన సరుకు ఇది. మిల్లు బట్ట వచ్చి దెబ్బతీసింది. స్వాతంత్ర్యం తర్వాత కమలాదేవి చటోపాధ్యాయ వంటివాళ్లు చెయ్యి అందించడంతో మళ్లీ తలెత్తింది. ఇప్పుడు బందరు అసలు పేరు మీద, మచిలీపట్నం కలంకారీగా, దీనికి భౌగోళిక గుర్తింపు ఉంది. పేరులో ‘కలం’ ఉన్నా ఇక్కడి పని అంతా అచ్చులదే. కలంతో గీసేది శ్రీకాళహస్తిలో. గుర్తింపు ఉన్నా, అదే డిజైనును స్క్రీన్ మీద గంటల్లో వేసి సగం ధరకు అమ్మే బట్ట బజారు నిండా ఉంది. చిరివేరుతో ఎరుపు తెచ్చిన రోజులు పోయి అలిజరిన్ వచ్చి చాలాకాలమైంది. అచ్చు చెక్కడమూ అంతే. టేకు దిమ్మె మీద నకలు గీసి, సన్నటి ఉలితో గీత వెంట గీత తవ్వుతూ ఒక పూవుకు మూడు నాలుగు అచ్చులు విడివిడిగా చెక్కాలి. నల్ల గీతకు ఒకటి, ఎరుపుకు ఒకటి, నేలకు ఇంకొకటి. అన్నీ ఒకదానిలో ఒకటి ఒదగాలి. ఆ చూపు కుదరడానికి ఏళ్లు పడుతుంది. అంతకాలం చేతికి వచ్చే డబ్బు చూసి పిల్లలు ఇంజినీరింగ్ కాలేజీ బస్సెక్కితే ఎవరూ తప్పుపట్టలేరు.

కులవృత్తిని పిలుపు అనుకోవడం కూడా పొరపాటే. తాత చేశాడు, తండ్రి చేశాడు కాబట్టి నువ్వూ చెయ్యి అంటే అది పిలుపు అవ్వదు. మగ్గం గుంటలోంచి బయటికి రావడమే తమకు అసలైన పిలుపు అన్నవాళ్లు పెడనలో ఇంటికొకరు దొరుకుతారు. అదే ఊళ్లో బయటికి వెళ్లే వీలుండీ బల్ల దగ్గరే నిలబడ్డవాళ్లూ ఉంటారు. ఇద్దరిలో ఎవరు దారి తప్పారో పై నుంచి చెప్పడానికి ఎవరికీ హక్కు లేదు.

అవనిగడ్డ గదుల్లో

ఉప్పెన మునిగిన నేలమీద ఇప్పుడు ఇంకో పంట ఉంది. డీఎస్సీ కోచింగ్. రాష్ట్రం నలుమూలల నుంచి టీచరు కావాలనుకునే యువకులు, పసిపిల్లల తల్లులు కూడా అవనిగడ్డ వస్తారు. నెలల తరబడి అద్దె గదుల్లో, హాస్టళ్లలో ఉండి చదువుతారు. నోటిఫికేషను పడితే ఊరు కిటకిటలాడుతుంది. లేకపోతే మెస్సులు బోసిపోతాయి. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులకు మూడు లక్షలమందికి పైగా పోటీపడ్డారు.

వీళ్లలో ఎవరిది పిలుపు, ఎవరిది జీతం? అడిగితే చాలామంది నవ్వేస్తారు. సర్కారు కొలువు, నెల తిరిగేసరికి జీతం, పెళ్లి, ఇల్లు, ఇవి ముందు. అందులో దాపరికమేమీ లేదు. ఈ సీమకు టీచర్ల విషయంలో పెద్ద కొలమానమే ఉంది మరి. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి బందరు హిందూ హైస్కూల్లో పంతులుగా చేసినప్పుడు ఆయన బెంచీల మీద విశ్వనాథ సత్యనారాయణ, పింగళి లక్ష్మీకాంతం, కాటూరి వేంకటేశ్వరరావు కూర్చున్నారు. శతావధానాలతో సంస్థానాలు గెలిచిన మనిషి బడి పిల్లలకు తెలుగు చెప్పుకుంటూ ఉన్నారు. ఆ ఉద్యోగంలో చేరినప్పుడు ఆయనకూ జీతం కావాలి. ఆ తరగతి గది ఏమవుతుందో ఆయనకు అప్పుడేం తెలుసు?

తెల్లవారుజామున నాలుగున్నరకే అవనిగడ్డ వీధుల్లో గదుల లైట్లు వెలుగుతాయి. డాబాల మీద పుస్తకాలు పట్టుకుని పచార్లు చేస్తూ చదివేవాళ్లు, చాయ్ బండి దగ్గర బిట్లు అప్పజెప్పుకునేవాళ్లు కనిపిస్తారు. ర్యాంకు ఎంతొస్తుందో, పోస్టు ఏ మండలంలో పడుతుందో ఎవరికీ తెలీదు. ఏదో ఒక మెట్ల మీద, లెక్క తెలిసిన అమ్మాయి ఒకతె సుద్దముక్కతో త్రిభుజం గీసి, అర్థం కాని ముగ్గురికి మళ్లీ మొదటి నుంచి చెబుతూ ఉంటుంది. ఎండ మెట్ల మీదికి వచ్చేసరికి గీత సగం చెరిగిపోతుంది. ఆమె ఇంకోసారి గీస్తుంది.